బట్టలు కొనేముందు వేసుకునే లెక్క: సేలా, చేనేతా, కుట్టించడమా, అద్దెకు తీసుకోవడమా?

పోయిన కార్తీకంలో ఇంటికి రంగులు వేయించాం. రంగులు వేయాలంటే బీరువాలు జరపాలి, జరపాలంటే ఖాళీ చేయాలి. నా చీరలన్నీ మంచం మీద పేర్చి లెక్కపెడితే 81 తేలాయి. వాటిలో ఆ ఏడాది ఒక్కసారైనా కట్టుకున్నవి గుర్తు చేసుకుంటూ పక్కకు తీశాను. 23 వచ్చాయి. ఆఫీసుకు మార్చి మార్చి కట్టుకుంటున్నవి ఆ 23లో తొమ్మిదే. మిగిలిన 58లో పదకొండింటికి ఫాల్ కూడా వేయించలేదు, ధర చీటీలు అలాగే వేలాడుతున్నాయి.

డబ్బు పోయిందన్న బాధ కంటే ఒక ప్రశ్న నన్ను ఎక్కువ పట్టుకుంది. ఈ తొమ్మిది చీరలకూ ఆ 58 చీరలకూ తేడా ఎక్కడొచ్చింది? కూర్చుని ఒక్కొక్కటీ ఎలా ఇంటికొచ్చిందో గుర్తు తెచ్చుకున్నాను. తొమ్మిదిలో ఏడు, ‘నాకిది కావాలి’ అనుకుని బయలుదేరి కొన్నవి. 58లో ఎక్కువ భాగం సేల్లో కొన్నవి, ఎవరికో తోడుగా వెళ్లి కొన్నవి, లేదా ఫంక్షన్లలో పెట్టుబడిగా, అంటే పిలిచినవాళ్లు పెట్టే కానుకగా వచ్చినవి. అప్పటినుంచి ఏది కొనాలన్నా ముందు ఇంట్లోనే లెక్క వేసుకుంటున్నాను. నాలాగే నెల జీతం మీద బతికే ఇళ్లకు పనికొస్తుందని ఆ లెక్కంతా ఇక్కడ పెడుతున్నాను. ధరలు మా విజయవాడలో నేను పెట్టినవి, మీ ఊళ్లో కొంచెం అటూఇటూ ఉండొచ్చు.

చీటీ మీద ధర సగమే

చీర కొన్నాక ఫాల్, పీకో, జాకెట్టు కుట్టుబడి, లైనింగు, దానికి తగిన లంగా, తర్వాత ఇస్త్రీ, డ్రైవాష్. ఇవన్నీ కలిపితేగానీ ఆ చీర మన ఒంటిమీదికి రాదు. ఆ మొత్తాన్ని ఎన్నిసార్లు కట్టుకుంటామో ఆ సంఖ్యతో భాగిస్తే ఒక్కసారికి ఎంత పడిందో తెలుస్తుంది.

సేల్లో 1,200కి కొన్న ఒక జార్జెట్ చీర చూడండి. ఫాల్, పీకో 150. లైనింగుతో జాకెట్టు 500. మొత్తం 1,850. మూడుసార్లు కట్టాను, జారిపోతుంటే చిరాకేసి పక్కన పెట్టేశాను. ఒక్కసారికి 617 రూపాయలు పడింది.

మంగళగిరి నూలు చీర ఒకటి 1,800 పెట్టి కొన్నాను. ఫాల్, పీకో 150, లైనింగు లేని జాకెట్టు 350. మొత్తం 2,300. నెలకు రెండుసార్ల చొప్పున మూడేళ్లు కట్టాను, అంటే 72 సార్లు. ఒక్కసారికి 32 రూపాయలు. దీనికి గంజి, ఇస్త్రీ ఖర్చు కూడా కలపాలి. బయట ఇస్తే మాకు ఒక్కసారికి 40 అవుతోంది. అంటే చీర ఖర్చు కంటే ఇస్త్రీ ఖర్చే ఎక్కువ. అది కలిపినా 72 రూపాయలే. ఇంట్లో గంజి పెట్టుకునే ఓపిక ఉన్నవాళ్లకు ఇంకా తగ్గుతుంది.

పెళ్లికి కొన్న పట్టుచీర సంగతి వేరు. 18,000 చీర, ఫాల్ 200, మగ్గం వర్కు జాకెట్టు 4,500. మొత్తం 22,700. ఏడాదికి రెండుసార్లు చొప్పున పదేళ్లు కట్టుకుంటే ఒక్కసారికి 1,135, డ్రైవాష్ కాకుండా. దానికి మామూలు జాకెట్టు 700లో కుట్టించి ఉంటే 945తో పోయేది. మగ్గం వర్కు జాకెట్టు రెండేళ్లకు బిగుతైతే విప్పి వదులు చేయడం కష్టం. ఆ 3,800 తేడా డబ్బుతో చీర నాణ్యత ఒక మెట్టు పెంచుకోవచ్చు, లేదా అసలు మిగుల్చుకోవచ్చు. నా మటుకు నేను వర్కు జాకెట్టు ఒక్కటి బంగారు రంగులో, నాలుగైదు పట్టుచీరలకు నప్పేలా కుట్టించుకుని ఆపేశాను.

ఈ లెక్క వేసేటప్పుడు ‘ఎన్నిసార్లు కడతాను’ అన్న దగ్గర మనల్ని మనం మోసం చేసుకుంటాం. షాపులో నిలబడి ‘ఇది ఆఫీసుకీ కట్టుకోవచ్చు, పేరంటానికీ కట్టుకోవచ్చు’ అనిపిస్తుంది. అందుకని ఇంట్లో ఇప్పటికే ఉన్న అలాంటి చీరను పోయినేడాది ఎన్నిసార్లు కట్టామో ఆ సంఖ్యే వేసుకోవాలి.

ఆషాఢం సేలా, అవసరం పడినప్పుడా?

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. బట్టల షాపులకు గిరాకీ పడిపోతుంది. వెంటనే శ్రావణం, వరలక్ష్మీ వ్రతం, పెళ్లి ముహూర్తాలు వస్తాయి కాబట్టి కొత్త సరుకు దింపడానికి అరలు ఖాళీ చేసుకోవాలి. అందుకే ఆ నెల రోజులూ తగ్గింపులు. ఈ కారణం నిజమైనదే, అందులో మనకు లాభమూ ఉంది. చిక్కల్లా, పాత సరుకుతో పాటు కొన్నిచోట్ల సేల్ కోసమే తెప్పించిన తక్కువ రకం సరుకు కూడా అదే గుట్టలో కలిసి ఉంటుంది.

ఆషాఢంలో నేను ధర, నాణ్యత ముందే తెలిసినవి మాత్రమే కొంటాను. దుప్పట్లు, తువ్వాళ్లు, లుంగీలు, లంగాలు, లోదుస్తులు, పిల్లల యూనిఫాం గుడ్డ. ఒక దుప్పటి మామూలు రోజుల్లో 900 అని నాకు తెలుసు కాబట్టి 650కి ఇస్తే అది లాభమని వెంటనే తెలుస్తుంది. చీర విషయంలో అలా తెలియదు. ఎమ్మార్పీ చీటీ మీద కొట్టేసి ఉన్న 3,999, కింద 1,499 చూసి 2,500 మిగిలిందనుకుంటాం. ఆ 3,999 తయారీదారో, ప్యాక్ చేసినవాళ్లో అచ్చేసుకున్న అంకె. ఆ చీర 3,999కి ఎప్పుడైనా అమ్ముడుపోయిందనడానికి అది రుజువు కాదు.

పట్టుచీర కొనే పని ఉంటే మాత్రం ఆషాఢం మంచి సమయమే, ఒక షరతు మీద. ముందు మామూలు రోజుల్లో రెండు షాపులు తిరిగి, ఆ రకం చీర ఎంత చెబుతున్నారో రాసుకుని ఉండాలి.

‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’, ‘కిలో లెక్కన చీరలు’, ‘5,000 దాటితే కూపను’ అనే మూడు రకాల సేళ్లకూ నేను వెళ్లడం మానేశాను. వీటిలో మనకు కావలసింది ఒకటైతే, మనచేత కొనిపించేది మూడు. ఉచితంగా వచ్చిన చీరకు కూడా ఫాల్, జాకెట్టు కలిపి 500, 600 మనమే పెట్టుకోవాలి.

చేనేత, మరమగ్గం, సింథటిక్

ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే పొదుపు పేరుతో మనం ఎక్కువ నష్టపోయేది ఇక్కడే, మనకు అందుబాటులో ఉన్న మంచి సరుకును వదిలేసేదీ ఇక్కడే.

మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బస్సెక్కి ఆఫీసుకు వెళ్లేవాళ్లకు నూలు బట్టకు సాటి లేదు. చెమట పీల్చుకుంటుంది. పాలిస్టర్ పీల్చుకోదు. నా తొమ్మిది చీరల్లో ఎనిమిది నూలువే అయ్యాయంటే అది అభిరుచి కంటే ఎండ చేసిన నిర్ణయం. నూలుకు గంజి, ఇస్త్రీ కావాలి, నిజమే. పొద్దున ఆరింటికి వంట చేసి ఏడింటికి బస్సు పట్టుకునేవాళ్లకు ఆ తీరిక ఉండకపోవచ్చు. అలాంటివాళ్లు మల్ కాటన్, అంటే పల్చటి మెత్తటి నూలు చీరలు చూడండి, గంజి అక్కర్లేదు, ఉతికి జాడించి ఆరేస్తే చాలావరకు సరిపోతుంది. లేదా వారానికి రెండు రోజులు సింథటిక్, మూడు రోజులు నూలు అని పంచుకోవచ్చు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. పొయ్యి దగ్గర సింథటిక్ చీర, నైటీ వద్దు. నిప్పంటుకుంటే అది కరిగి ఒంటికి అంటుకుపోతుంది.

నూలులోనే చేనేతా, మరమగ్గమా అన్నది తర్వాతి ప్రశ్న. మరమగ్గాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. సిరిసిల్లలోనూ నగరిలోనూ ఎన్నో కుటుంబాలు దాని మీదే బతుకుతున్నాయి. లంగాలు, నైటీలు, దుప్పట్లు, లైనింగు గుడ్డకు మరమగ్గం బట్టే సరైన ఎంపిక. మరమగ్గం మీద నేసిన చీరను చేనేత అని చెప్పి చేనేత ధరకు అమ్మినప్పుడే మనం మోసపోతాం.

పోచంపల్లి ఇక్కత్ చీరల విషయంలో ఇది బాగా జరుగుతుంది. అసలు ఇక్కత్‌లో నూలుకు ముందే అక్కడక్కడా బిగించి కట్టి రంగులద్ది, తర్వాత నేస్తారు. అందుకని రంగు దారం లోపలికంటా ఉంటుంది. చీర తిరగేస్తే వెనక కూడా డిజైను అంతే ముదురుగా కనిపిస్తుంది. పువ్వు అంచులు గీత గీసినట్టు కాకుండా కొంచెం చెదిరినట్టుంటాయి. ప్రింటు చీర తిరగేస్తే వెనక వెలిసినట్టుంటుంది, ముందు గీతలు మరీ పదునుగా ఉంటాయి. ప్రింటు చీర కొనడం తప్పేం కాదు, 600కి దొరికితే హాయిగా కొనుక్కోండి. 3,000 పెట్టేముందు మాత్రం ఒకసారి తిరగేసి చూడండి.

పట్టు దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కొన్నేళ్ల కిందట ఒక ఊళ్లో ఒక షాపులో స్వచ్ఛమైన పట్టు అని 9,000 పెట్టి చీర తెచ్చాను. మా అత్తయ్య చెంగు అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించారు. వెంట్రుక కాలిన వాసన రాలేదు, అది కరిగి చిన్న నల్లపూసలా గట్టిపడింది. పట్టుపోగు కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. నేను కొన్నది పాలిస్టర్. నిలువుపోగు, అడ్డపోగు రెండూ విడివిడిగా చూడాలని కూడా ఆవిడే చెప్పారు. ఒకటి పట్టు పెట్టి ఇంకొకటి వేరేది కలిపేవి కూడా ఉంటాయట.

షాపులో పోగు లాగి కాల్చలేం కదా. అందుకే గుర్తులు చూసుకోవాలి. సిల్క్ మార్క్ ఉంటే అది స్వచ్ఛమైన పట్టు అని హామీ. కానీ అది చేత్తో నేసిందని సిల్క్ మార్క్ చెప్పదు. హ్యాండ్లూమ్ మార్క్ ఉంటే చేత్తో నేసిందని హామీ, అది పట్టేనని ఆ గుర్తు చెప్పదు. చేనేత పట్టుచీర కావాలంటే రెండూ అడగాలి. ‘ఆర్ట్ సిల్క్’ అంటే కృత్రిమ పట్టు, అందులో పురుగు తీసిన పోగు ఉండదు. ‘సెమీ’, ‘సాఫ్ట్’ లాంటి మాటలు వినిపిస్తే బిల్లు మీద ‘ప్యూర్ సిల్క్’ అని రాసిస్తారా అని అడగండి. రాయడానికి వెనకాడితే అక్కడితో ఆ బేరం వదిలేయండి.

బిల్లు గురించి ఇంకొంచెం. బిల్లు తీసుకోవడం మనలో చాలామందికి అలవాటు లేదు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే బోర్డు చూసి సర్దుకుపోతాం. నచ్చలేదని వెనక్కి ఇవ్వడానికి ఆ బోర్డు అడ్డు రావచ్చేమో గానీ, సరుకులో లోపం ఉంటే పరిస్థితి వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపారం కిందికి వస్తుంది. ఫోన్ చేయాల్సిన హెల్ప్‌లైన్ నంబరు 1915. ఆ 9,000 చీరకు నా దగ్గర బిల్లు లేదు. అందుకే ఏమీ చేయలేకపోయాను.

చేనేతలో ఏది ఎంచుకోవాలంటే నేను ఇలా చూస్తాను. రోజూ ఆఫీసుకు మంగళగిరి లేదా నారాయణపేట నూలు చీర. నేత గట్టిది, పనిలో నలిగినా పాడుకాదు. ఎండాకాలం పెళ్లికి బరువైన పట్టు భరించలేమనుకుంటే వెంకటగిరి లేదా ఉప్పాడ జాందానీ, బరువు ఉండదు. నూలు హాయి, పట్టు హుందాతనం రెండూ కావాలంటే గద్వాల చీర. ఒళ్లు నూలు, అంచూ పైటా పట్టు. దీన్ని మొదటిసారి మాత్రం ఇంట్లో నానబెట్టకండి, పట్టు అంచు రంగు నూలు మీదికి దిగే ప్రమాదం ఉంది.

ఎక్కడ కొనాలన్నదానికి నా మొదటి మాట ఆప్కో, తెలంగాణలో చేనేత సహకార సంఘాల దుకాణాలు. పండుగలప్పుడు రిబేటు ఉంటుంది, సరుకు మీద నమ్మకం ఉంటుంది. ఫ్యాషన్ రంగులు తక్కువ, అది ఒప్పుకోవాలి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో స్వదేశీ ఉద్యమం ఆ తేదీనే మొదలైందని గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. ఆ రోజుల్లో ఊరూరా చేనేత ప్రదర్శనలు పెడతారు. నేసినవాళ్లే కూర్చుని అమ్మే బల్లల దగ్గర ‘అన్నా, ఇది ఎన్ని రోజులు పట్టింది?’ అని అడిగి చూడండి. పోగు, రంగు, ఉతికే పద్ధతి అన్నీ విడమరిచి చెబుతారు. అలా తెలుసుకుని కొన్న చీరను బీరువాలో మర్చిపోవడం నావల్ల కాలేదు.

కుట్టించడమా, రెడీమేడా?

మగవాళ్ల చొక్కాలతో మొదలుపెడతాను, అక్కడ లెక్క తేలిక. 58 అంగుళాల పన్నా గుడ్డ అయితే ఫుల్ హ్యాండ్స్ చొక్కాకు 1.60 మీటర్లు చాలు. మీటరు 350 లెక్కన 560, కుట్టుబడి 450. మొత్తం 1,010. అదే రకం గుడ్డ రెడీమేడ్‌లో మావారికి 1,500కి తక్కువ దొరకలేదు. పైగా పొట్ట దగ్గర సరిపోతే భుజాల దగ్గర వేలాడుతుంది. కుట్టించేటప్పుడు ప్యాంటు నడుము దగ్గర లోపల కాస్త బట్ట వదలమని చెబితే రెండేళ్ల తర్వాత వదులు చేయించుకోవచ్చు. రెడీమేడ్‌లో ఆ వెసులుబాటు అంతగా ఉండదు. నూలు గుడ్డ అయితే కుట్టించేముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేసి ఇవ్వండి. అలా చేయకపోతే మొదటి ఉతుకులోనే కుదించుకుపోయి కొత్త చొక్కా బిగుతైపోతుంది.

ఆడపిల్లల కుర్తీలు రెడీమేడే నయం. కుట్టుబడి పెరిగిపోయింది, వాళ్ల కొలతలు ఏటా మారతాయి. జీన్స్ గురించి చెప్పక్కర్లేదు, అది రెడీమేడ్ వస్తువే. జాకెట్ల దగ్గర మధ్యే మార్గం ఉంది. నలుపు, మెరూన్, బంగారు రంగు, మూడు సాగే రెడీమేడ్ జాకెట్లు కొనుక్కుంటే పది, పదిహేను చీరలకు కాంట్రాస్టుగా సరిపోతాయి. మరీ మంచి చీరకే జాకెట్టు కుట్టించడం. ఫాల్ కుట్టించని నా పదకొండు చీరల్లో ఏడింటిని ఇలాగే వాడకంలోకి తెచ్చాను.

ఖరీదైన రెడీమేడ్ డ్రెస్సు కొనేవాళ్లు ఒక సంగతి గమనించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన దుస్తులకు ఒక్కోదాని ధర 2,500 వరకు జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. చీర కుట్టని బట్ట కిందికి వస్తుంది కాబట్టి దానికి 5 శాతమే. 2,500కి కాస్త అటూఇటూగా ఉన్న రెండు డ్రెస్సుల మధ్య తేల్చుకోలేకపోతున్నప్పుడు ఈ సంగతి పనికొస్తుంది.

ఆన్‌లైన్ గురించి కొంచెం

ఆన్‌లైన్లో కొనొద్దని నేను అనను. పిల్లల టీషర్టులు, లెగ్గింగులు, సైజు తెలిసిన లోదుస్తులు అక్కడే చవక. చీర, పట్టు, ‘ఫ్రీ సైజు’ అని రాసినవి మాత్రం చేత్తో ముట్టుకోకుండా కొనను. కుర్తీ కొనాలంటే మీకు బాగా సరిపోయే పాత కుర్తీని నేల మీద పరిచి టేపుతో చంక దగ్గర, నడుము దగ్గర, పొడవు కొలిచి రాసుకోండి. ఎల్, ఎక్స్ఎల్ అక్షరాల బదులు ఆ అంగుళాలతో సైజు చార్టు పోల్చండి. కొన్నవాళ్లు పెట్టిన ఫోటోలు చూడండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, వచ్చిన రోజే వేసుకుని చూడండి.

నచ్చినదాన్ని కార్టులో వేసి పది రోజులు ఆగడం నేను చేసుకున్న అలవాటు. పది రోజుల తర్వాత అది ఏమిటో గుర్తుంటేనే కొంటాను. రాత్రి పదకొండుకు పడుకునేముందు ఫోన్ చూస్తూ ఆర్డరు పెట్టడం పూర్తిగా ఆపేశాను. తర్వాత కట్టొచ్చులే అనే వాయిదా పద్ధతిలో బట్టలు కొనడం అన్నిటికంటే చెడ్డది. చీర వెలిసిపోయాక కూడా కిస్తీ కడుతూ ఉంటాం.

ఒక్కరోజు ముచ్చటకు

ఓణీల ఫంక్షన్, సంగీత్, పెళ్లికి ముందు ఫోటోషూట్. వీటికి 15,000, 20,000 పెట్టి లెహెంగా కొని మళ్లీ ఎప్పుడూ వేయని ఇళ్లు నాకు చాలా తెలుసు. రెండోసారి వేసుకునే సందర్భం మీకు స్పష్టంగా కనిపించకపోతే అద్దెకు తీసుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలో లెహెంగాలు, షేర్వానీలు అద్దెకిచ్చే షాపులు ఉన్నాయి. పిల్లల స్కూల్ వార్షికోత్సవం డ్రెస్సులు చిన్న టౌన్లలో కూడా దొరుకుతాయి. డిపాజిట్ ఎంత, డ్రైవాష్ ఎవరిది, మరక పడితే ఎంత పట్టుకుంటారు, ఒక రోజు ఆలస్యమైతే ఎంత అన్నవి చీటీ మీద రాయించుకోవాలి. రెండు రోజుల ముందే వేసుకుని చూడాలి. అప్పటికప్పుడు తెచ్చి సైజు తేడా వస్తే ఆ టెన్షన్ ఫంక్షన్ అంతా ఉంటుంది.

పెళ్లికూతురి పట్టుచీర మాత్రం కొనాల్సిందేనని నా అభిప్రాయం. అది పాతికేళ్ల తర్వాత కూడా కట్టుకునేది, కూతురికి లంగా జాకెట్టుగా మారేది. రెండు, మూడు నెలలకోసారి మడత మార్చి, తెల్లటి నూలు గుడ్డలో చుట్టి పెడితే జరీ విరగదు. ప్లాస్టిక్ కవర్లో ఉంచొద్దు, కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు.

ఇంట్లోవాళ్ల దగ్గర అరువు తీసుకోవడం అనే పాత పద్ధతి ఇప్పుడు ఎందుకో చిన్నతనంగా అనిపిస్తోంది. మా వదినా నేనూ ఆ మొహమాటం తీసేసుకున్నాం. ఏ పెళ్లికి ఎవరు ఏది కడుతున్నారో ముందే ఫోన్లో మాట్లాడుకుంటాం. ఆవిడ గద్వాల నేను కడతాను, నా ఉప్పాడ ఆవిడ కడుతుంది. డ్రైవాష్ చేయించి తిరిగిస్తాం, అదొక్కటే నియమం.

పెట్టుబడి చీరలు

దీని గురించి మాట్లాడటానికి చాలామంది ఇబ్బంది పడతారు. గృహప్రవేశమో, ఓణీల ఫంక్షనో, ఒడిబియ్యమో ఏదైనా సరే, వచ్చిన ఆడవాళ్లందరికీ చీర పెట్టాలి. బడ్జెట్ చూసుకుని 300, 350 చీరలు కట్టలుగా తెస్తాం. వన్‌టౌన్ వస్త్రలతకో, చీరాలకో, రాజమండ్రి తాడితోటకో వెళ్లి హోల్‌సేల్‌గా తెచ్చామని సంతోషపడతాం. ఆ చీరలు ఎవరూ కట్టరు. ఫాల్ కుట్టించరు. ఇంకో ఫంక్షన్లో ఇంకొకరికి చేరతాయి. నా 58లో పెట్టుబడి చీరలు 26.

మా గృహప్రవేశానికి 40 చీరలు 350 చొప్పున 14,000 పెట్టాం. ఇప్పుడు మళ్లీ చేయాల్సివస్తే ఇలా చేస్తాను. అక్కచెల్లెళ్లు, ఆడపడుచులు, పిన్ని, అత్త, మొత్తం ఎనిమిది మందికి 1,000 లెక్కన నిజంగా కట్టుకునే నూలు చీరలు, రంగు ముందే అడిగి. అది 8,000. మిగిలిన 32 మందికి 120 రూపాయల మంచి చేనేత తువ్వాలు, పసుపు కుంకుమలతో. అది 3,840. మొత్తం 11,840. డబ్బు 2,160 మిగులుతుంది, ఇచ్చినవన్నీ వాడకంలో ఉంటాయి. జాకెట్ ముక్కే పెట్టాలనుకుంటే 80 సెంటీమీటర్లు కాకుండా మీటరు నూలు గుడ్డ పెట్టండి. 80 సెంటీమీటర్లు చాలామందికి చాలవు, అందుకే ఆ ముక్కలు అలా తిరుగుతూనే ఉంటాయి.

పెద్దవాళ్లు ఒప్పుకోరని భయం ఉంటుంది. మా అత్తయ్యతో నేను మెల్లగా అన్నాను, ‘అత్తయ్యా, మీకు పోయినేడాది వచ్చిన పెట్టుబడి చీరల్లో ఎన్ని కట్టుకున్నారు?’ అని. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘ఒక్కటీ కట్టలేదే అమ్మాయ్, తువ్వాలే నయం’ అన్నారు.

కొనడం తగ్గాక మిగిలిన పని

ఉన్నవాటిని మళ్లీ వాడకంలోకి తేవడం కూడా కొనుగోలు లాంటిదే, కొద్దిపాటి ఖర్చుతో. ‘కొత్తొక వింత, పాతొక రోత’ అన్నారు గానీ, రోత అనిపించినవాటిలో సగానికి పైగా హుక్కు ఊడినవో, జాకెట్టు బిగుతైనవో, మ్యాచింగ్ లంగా లేనివో అని నాకు తేలింది. ఒక ఆదివారం పూట వాటన్నిటినీ సంచిలో వేసుకుని మా వీధి టైలరు దగ్గరికి వెళ్తే 600 రూపాయల్లో పద్నాలుగు జాకెట్లు వదులు చేసిచ్చాడు. ఇంతకంటే లాభసాటి బట్టల ఖర్చు ఈ మధ్య నేను పెట్టలేదు.

మెత్తబడిన నూలు చీరలు రెండు, మూడు కలిపి బొంత కుట్టించుకోండి, చంటిబిడ్డలున్న ఇంటికి అంతకంటే మంచి కానుక లేదు. స్టీలు సామాన్లకు మార్చేవాళ్లకు సింథటిక్ చీరలు ఇవ్వొచ్చు. పాత పట్టుచీరలు కొనేవాళ్లు వీధిలోకి వస్తుంటారు. జరీలో నిజమైన వెండి ఉంటే దానికి విలువ ఉంటుంది కాబట్టి మొదట అడిగినవాళ్లకే ఇచ్చేయకుండా ఇద్దరు, ముగ్గురి ధర కనుక్కోండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఇవ్వాలనుకుంటే బీరువా తెరిచి తనకు నచ్చింది తీసుకోమనండి. చిరిగినవీ మరకలు పడినవీ మూటగట్టి చేతిలో పెట్టకండి.

ఇప్పుడు నా ఫోన్లో రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి బీరువా అరల ఫోటోలు. షాపులో ఆకుపచ్చ చీర చేతిలోకి తీసుకోగానే ఇంట్లో ఆకుపచ్చవి ఎన్ని ఉన్నాయో చూసుకుంటాను. ఐదు ఉన్నాయి. రెండోది ఏడాది జాబితా. ఈ శ్రావణానికి అందులో ఉన్నవి ఇవి: ఆఫీసుకు బూడిదరంగు నారాయణపేట నూలు చీర ఒకటి, 1,500 లోపు. మావారికి తెల్ల చొక్కాలు రెండు, గుడ్డ తీసుకుని కుట్టించాలి. అమ్మాయికి నల్ల లెగ్గింగ్ ఒకటి. అత్తయ్యకు మెత్తటి మల్ కాటన్ చీర, గంజి అక్కర్లేనిది.